టీవీ అడిగేదానికి సరే అనొద్దు

హిమజా, రాగానే టీవీ దగ్గరికే పో. "డిస్కు పాడైంది, అంతా చెరిపెయ్యాలా" అని తెర మీద అడుగుతోంది. నాకోసం తెలుగులో పెట్టావు కాబట్టి కూడబలుక్కుని చదివాను. నువ్వు చూసేదాకా ఎవరూ "సరే" నొక్కకూడదు. మీ తాత "ఏందే ఈ గోల, నొక్కిపారేస్తే వార్తలొస్తయ్‌గా" అని రెండుసార్లు లేచాడు. అందుకే రిమోట్ నా సంచిలో వేసుకుని పోతున్నా. నీ ఫోన్‌తో కూడా నడుస్తదన్నావుగా, దాంతో చూడు.

తప్పు నాదే. గ్రైండర్‌కి ప్లగ్గు ఖాళీ లేక, నువ్వు సినిమాలన్నీ దాచి సర్వర్ అన్నావే, ఆ నల్ల డబ్బా వైరు పీకాను. రేషన్ షాపులో సర్వర్ పనిచెయ్యట్లేదంటే రేపొద్దాంలే అని ఇంటికొచ్చేదాన్ని. నువ్వు ఆ సర్వర్‌ని తెచ్చి మనింట్లోనే పెట్టావు, ఇప్పుడు నేనెక్కడికి పోవాలే?

సినిమాలు పోతే పోనీ. అందులో మీ అమ్మ పెళ్లి వీడియో ఉంది. మా పుల్లమ్మక్క అప్పగింతల పాట పాడింది అందులోనే. ఆ డబ్బాలోకి ఎక్కించాక, క్యాసెట్ బూజుపట్టిందని నువ్వే పారేశావు. గొంతు ఆపరేషన్ అయినాక అక్కకి మాట రావడం లేదు. ఆ పాట వినిపిస్తానని మాటిచ్చాను, సత్తెనపల్లి పోయి అక్కని తీసుకొస్తున్నా. ఐదింటికల్లా ఇంట్లో ఉంటాం.

పప్పు గిన్నెలో ఉంది, ముందు తిను.

అమ్మమ్మ

పాట పోయి ఉంటే ఫోన్ చెయ్యి, దారిలోనే అక్కకి నెమ్మదిగా చెప్పుకుంటా. ఉంటే చెయ్యొద్దు. బస్సు దిగేదాకా ఫోన్ చేతిలోనే పట్టుకుంటా, మోగకపోతే చాలు తల్లీ.