పెట్టె మీద తెల్ల చీర

శనివారం రాత్రి, జమ్మలమడుగు

రేపు ప్రభువు మందిరంలో మా ఆయన డబుల్ బాస్ అందరికీ వినపడుతుంది. మనిషంత ఎత్తున్న ఆ ఫిడేలు శబ్దం ఇన్నాళ్లూ ముందు వరుస దాటలేదు. కొత్త పరికరాలు కొనలేక, చిన్న మైకును స్పాంజిలో చుట్టి, తీగలు ఆనే చెక్కకు రబ్బరుతో కట్టారు. మైకుసెట్టు మస్తాన్ ఆంప్లిఫయరు ఊరికే ఇచ్చాడు.

ఆ ఆంప్లిఫయరు పెట్టె మీద, అతను మీటింగులకు మైకు కట్టే పార్టీ గుర్తు ఉంది. ఎవరి మైకు వాడితే వాళ్ల మనుషులమే, ఇక్కడి లెక్క అది. పోయిన ఎలక్షన్లో ఆ మాత్రానికే తలలు పగిలాయి.

సాయంత్రం మా తమ్ముడు ప్రకాశం ఆ గుర్తు చూశాడు. వాడు తిరిగేది అవతలి పార్టీలో.

"ఏందక్కా, యేసయ్య గూడా వాళ్ల పార్టీలో చేరినాడా? రేపు మావోళ్లూ వస్తాండారులే" అని నవ్వాడు.

నేను పాత తెల్ల చీర తెచ్చి పెట్టె మీద కప్పాను. ఆయన స్విచ్చి వేశారు. ఆ పార్టీ మీటింగుల్లో ఊరంతా విన్న గురగురే వచ్చింది.

"గుడ్డ కప్పితే గొంతు మారతాదా మేరీ? పాట దేవునిదే గదా!" అన్నారు.

ఆయన హాయిగా నిద్రపోతున్నారు. రేపు ఆరాధన వేళకు కరెంటు పోవాలని మోకరించి ప్రార్థించాను. ప్రభువా, ఈ మాట ఆయనకు తెలియనివ్వకు.