మల్లీ క్రాసింగ్‌లో ఒకే ఒక్క దొంగతనం

ఎడ్మండ్‌సన్ పార్క్, సిడ్నీ

ద్వారకానాథ్ అంకుల్‌కి నమస్కారాలు.

నా పేరు ఉదయలక్ష్మి. మా తెలుగు సంఘం పత్రిక పని చూసేది నేనే. మీరు ఫోన్ ఎత్తరనీ, ఈమెయిల్ తెరవరనీ, ఉత్తరం రాస్తే మాత్రం వెంటనే జవాబిస్తారనీ సంఘంలో చెప్పారు. అందుకని జీవితంలో మొదటిసారి స్టాంపు కొన్నాను.

ఉగాది సంచికలో "మా పేట" అని కొత్త శీర్షిక మొదలుపెడుతున్నాం. కొత్తగా వచ్చే మనవాళ్ళు ఇల్లు కొనేముందు చదువుకోవడానికి. మీరు మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీ అవతల మల్లీ క్రాసింగ్ అనే చిన్న ఊళ్ళో ముప్ఫై అయిదేళ్ళుగా ఉంటున్నారట. జనాభా, స్కూలు, ట్రైను, షాపులు, నేరాలు, ఫ్యూచర్‌లో గ్రోత్ ఎలా ఉంటుంది, ఇవన్నీ రెండు పేజీల్లో రాసిస్తారా?

మీ జవాబు కోసం చూస్తూ,
ఉదయలక్ష్మి

తా.క.: జ్ఞాపకాలు వద్దంకుల్, ఫ్యాక్ట్స్ చాలు.

* * *

మల్లీ క్రాసింగ్

అమ్మా ఉదయలక్ష్మీ, ఆశీస్సులు.

జనాభా: సాయంత్రం ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఒకసారి నడిస్తే అందరూ ఎదురవుతారు, అంతే. స్కూలు ఒకటి. ట్రైను ఉంది, మనం పరిగెత్తితే దొరుకుతుంది. నీ ఫ్యాక్ట్స్ అయిపోయాయి. ఇక అసలు సంగతి రాస్తాను.

నేను నీళ్ళ బోర్డులో ఇంజనీరుగా చేరి ఇక్కడికొచ్చినప్పుడు ఊరి చుట్టూ కాలీఫ్లవర్ తోటలే. మిల్క్ బార్ అనే చిల్లరకొట్టుకి పాలకని వెళితే కబుర్లన్నీ అయ్యాకే పాలు చేతికొచ్చేవి. ఎవరింటి ముందు కొత్త కారు ఆగినా ఊరంతా కిటికీల్లోంచి చూసేది. ఇప్పుడు ఎవరి గరాజ్ తలుపు వాళ్ళకి తెరుచుకుని మూసుకుంటుంది. లోపల ఎవరున్నారో కూడా తెలియదు. దిగులేస్తుంది.

మేం దిగిన సాయంత్రమే పక్కింటి జాయిస్ గౌను ఒళ్ళో నిమ్మకాయలు పోసుకుని వచ్చింది. ఊరంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆవిడని చూపిస్తాను. ఒకటే లోపం, కుక్కలు. ఒకటి పోతే ఇంకొకటి. అవంటే నాకు భయం కాబట్టి ఇన్నేళ్ళలో ఆవిడ పెరట్లో కాలు పెట్టలేదు. మా ఆవిడ జ్ఞానప్రసూన మాత్రం మధ్యాహ్నమైతే అక్కడే. ఇంగ్లీషు నేర్చుకోవడానికని వెళ్ళేది. ముప్ఫై అయిదేళ్ళూ నేర్చుకుంటూనే ఉంది. ఈమధ్యే జాయిస్ వెర్రిబీలో వృద్ధుల హోమ్‌కి మారింది. కొడుకు ఆవిడ ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. వచ్చే నెల ఊరి హాల్లో ఆవిడ తొంభయ్యో పుట్టినరోజు. ఉపన్యాసం నాదే.

నేరాల సంగతి అడిగావు. వచ్చిన కొత్తలో తెనాలి నుంచి ఓడలో రుబ్బురోలు తెప్పించాను. ప్రతి ఆదివారం మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగువాళ్ళందరూ మా ఇంట్లోనే. ఆ రోటిపిండి దోసెలు, ఆ నవ్వులు! ఇక్కడ ఏడాదికోసారి హార్డ్ రబ్బిష్ వారం వస్తుంది. పాత సామాను రోడ్డువార గడ్డి మీద పెడితే, కౌన్సిల్ బండి వచ్చేలోపు ఎవరికి నచ్చింది వాళ్ళు పట్టుకుపోవచ్చు. పాపం జ్ఞానప్రసూనకి ఆ పద్ధతి తెలియదు. సరిగ్గా ఆ వారమే రోలు శుభ్రంగా కడిగి ఎండకి గడ్డి మీద పెట్టింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి లేదు. ఇంట్లో పొత్రం ఒక్కటే మిగిలింది. ఇప్పటికీ గరాజ్ తలుపుకి అడ్డం పెట్టుకుని, చూసినప్పుడల్లా నిట్టూరుస్తున్నాను.

శుభం కోరుతూ,
ద్వారకానాథ్

తా.క.: ఆ రోజు జ్ఞానప్రసూన బాధతో వంట కూడా చెయ్యలేకపోయింది. ఓదార్చడానికి పిజ్జా తినిపించాను. పిచ్చిది, అంత దుఃఖంలోనూ నా ముక్క కూడా తనే తినేసింది.

* * *

ఎడ్మండ్‌సన్ పార్క్

అంకుల్‌కి నమస్తే.

చాలా బాగా రాశారు. స్పేస్ లేక కొంచెం ఎడిట్ చేశాను. రోలు కథంతా ఒక లైనులో పట్టింది: "నేరాలు: దాదాపు శూన్యం. ముప్ఫై అయిదేళ్ళలో ఒకే ఒక్క దొంగతనం. వంటింటి సామాను." జాయిస్‌గారి పేరా అలాగే ఉంచాను, నాకు బాగా నచ్చింది. ఊరి ఫోటోలు కొన్ని పంపండి.

ఉదయలక్ష్మి

తా.క.: మా ఆయన దీపక్ అక్కడ ఇల్లు కొందామంటున్నారు. ఆ దొంగ ఇంకా ఊళ్ళోనే ఉన్నాడా అని అడగమన్నారు.

* * *

మల్లీ క్రాసింగ్

అమ్మా ఉదయలక్ష్మీ,

వంటింటి సామానా! గరిటె పోతే వంటింటి సామాను. నాది రుబ్బురోలమ్మా! సముద్రం దాటి వచ్చిన రోలు! ఆ లైను కొట్టేసి సగం పేజీ అయినా ఇవ్వు. దొంగ ఊళ్ళోనే ఉన్నాడని నా నమ్మకం. దీపక్‌ని జాగ్రత్తగా ఉండమను.

ఫోటోలు నా ఫోన్‌తో తీసి, ఇక్కడ ఫోటోలు కూడా వేసిచ్చే మందుల షాపులో ప్రింటు వేయించి పంపుతున్నాను. మైదానం, హాలు, మా వీధి చివర జాయిస్ ఇంటి ముందున్న పోస్టు డబ్బా. మళ్ళీ హార్డ్ రబ్బిష్ వారమే నడుస్తోంది. ఫోటోల్లో పాత సోఫాలు కనిపిస్తే ఏమీ అనుకోకు.

కొంచెం కోపంతోనే,
ద్వారకానాథ్

తా.క.: జాయిస్ పెరట్లో వాలే రంగుల చిలకలన్నీ నాలుగు రోజులుగా మా కంచె మీద కూర్చుని అరుస్తున్నాయి. ఏం పోగొట్టుకున్నాయో పాపం.

* * *

ఎడ్మండ్‌సన్ పార్క్ (ఎక్స్‌ప్రెస్ పోస్టు)

అంకుల్! ఫోన్ ఎత్తండి! ఎన్నిసార్లు చేసినా ఎత్తరేంటి?

పోస్టు డబ్బా ఫోటో స్కాన్ చేసి పెద్దది చేశాను. వెనక పాత సోఫా పక్కన నాచుపట్టిన రాయి ఉంది. గుండ్రంగా, మధ్యలో గుంట. మా అమ్మమ్మగారింట్లో అచ్చం అలాంటిదే ఉండేది. అది రుబ్బురోలే! జాయిస్‌గారి ఇంటి ముందే ఉంది! కౌన్సిల్ బండి రాకముందే పరిగెత్తండి!

ఆదుర్దాతో,
ఉదయలక్ష్మి

తా.క.: ఆనందం ఆగక మా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. రోలు దొరికితే రోటిపిండి దోసెలు తినడానికి సిడ్నీ నుంచి చాలామంది బయల్దేరతామంటున్నారు.

* * *

మల్లీ క్రాసింగ్

అమ్మా ఉదయలక్ష్మీ,

దొరికింది! నేనే! నా చేత్తో నేనే ఫోటో తీసి, పోస్టు డబ్బా వంక చూస్తూ రోలుని చూడలేదు. చక్రాల బండి అరువడిగి తెచ్చుకున్నాను. రోలు మా గరాజ్‌లో పొత్రం పక్కన చేరింది. రెండింటినీ పక్కపక్కన చూసి నాకు ఏడుపొచ్చింది.

కానీ దొంగ ఎవరో తెలిశాక మనసు విరిగిపోయింది. జాయిస్! నిమ్మకాయలిచ్చి రోలు తీసుకుపోయిందన్నమాట! ఆవిడ పేరా కొట్టెయ్యి. "దొంగ దొరికింది" అని పేరుతో సహా వెయ్యి. పుట్టినరోజు సభలో మైకు నా చేతికే ఇస్తారు కదా, అప్పుడు చెబుతాను మిగతాది.

మండిపడుతూ,
ద్వారకానాథ్

తా.క.: రోలుని చూసి జ్ఞానప్రసూనకి నోట మాట రాలేదు. ఆనందమే. సిడ్నీవాళ్ళందరినీ సభ మర్నాడు, ఆదివారం, దోసెలకి రమ్మను. రుబ్బడానికి జ్ఞానప్రసూన ఉండనే ఉంది.

* * *

మల్లీ క్రాసింగ్

అమ్మాయ్ ఉదయా,

నేను జ్ఞానప్రసూనని. జాయిస్ పేరు కొట్టెయ్యకు తల్లీ. ఆవిడ దొంగ కాదు. ఆ రోలు నేనే ఇచ్చాను.

మీ అంకుల్‌కి ఆదివారాలు గుర్తున్నాయి, నాకు శనివారాలు గుర్తున్నాయి. పదిళ్ళవాళ్ళకి సరిపడా పిండి ఆ చల్లటి గరాజ్‌లో కూర్చుని రుబ్బేదాన్ని. వేళ్ళు కొంకర్లు పోయేవి. ఒకరోజు నిమ్మకాయలివ్వడానికొచ్చి జాయిస్ నన్ను అలా చూసింది. నాకప్పటికి ఇంగ్లీషు రాదు. భుజం చూపించాను. ఆవిడకి అర్థమైంది. హార్డ్ రబ్బిష్ అంటే ఏమిటో చేతులు తిప్పుతూ ఆవిడే నాకు చెప్పింది. నేను నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట అదే. పద్ధతి తెలియక పెట్టానట! తెలిసే ఆ వారం దాకా ఆగాను. ఆయన ఆఫీసుకి వెళ్ళగానే జాయిస్ చక్రాల బండి తెచ్చింది. ఇద్దరం నవ్వు ఆపుకోలేక నవ్వుతూ తోశాం.

ఆవిడ పెరట్లో నిమ్మచెట్టు కింద పెట్టి నీళ్ళు పోస్తే చిలకలు రావడం మొదలైంది. రోజూ మధ్యాహ్నం అక్కడే మా టీ. మా అమ్మ పోయిందని ఫోనొచ్చిన రోజు ఆ రోలు అంచు పట్టుకునే ఏడ్చాను. జాయిస్ పక్కనే కూర్చుంది. మా గరాజ్‌లో ఉన్నన్నాళ్ళూ ఆ రాయంటే నాకు కోపం. ఆవిడ పెరట్లోకి వెళ్ళాకే ప్రేమ కలిగింది. మీ అంకుల్ అటు రాకూడదు కదా. ఒక కుక్క పోగానే జాయిస్ ఇంకో కుక్కని ఎందుకు తెచ్చేదనుకున్నావు?

నిన్న ఆయనకి అంతా చెప్పేశాను. మినప్పప్పు నానబోసి, తనే రోలు కడిగి, రుబ్బడానికి కూర్చున్నారు. కాసేపటికి నొప్పెట్టిన చెయ్యి నొక్కుకుంటూ బయటికొచ్చి, "ప్రతి శనివారం ఇలాగేనా ప్రసూనా?" అన్నారు. అవునన్నాను. చాలాసేపు నా వేళ్ళ వంకే చూస్తూ కూర్చున్నారు.

ఈ పొద్దున రోలుని మా పెరట్లో పెట్టి నీళ్ళు పోశారు. చిలకలు తిరిగొచ్చాయి. ఉపన్యాసం మళ్ళీ మొదటి నుంచి రాసుకుంటున్నారు. ఆదివారం జాయిస్‌ని హోమ్ నుంచి తీసుకొచ్చి రోలు పక్కన కుర్చీ వేస్తాం. మీరూ అందరూ రండి. పిజ్జాలు తెప్పిస్తున్నాం, ఆర్డరిచ్చింది ఆయనే. పత్రికలో మా ఊళ్ళో నేరాలు అసలు లేవని వెయ్యి.

ప్రేమతో,
జ్ఞానప్రసూన ఆంటీ

తా.క.: జాయిస్ కొడుకు అపార్ట్‌మెంటులో కుక్కకి చోటు లేదట. ఆదివారం నుంచి అది మా ఇంట్లోనే ఉంటుంది. ఇది ఆయనకి ఇంకా చెప్పలేదు, నువ్వు అచ్చువెయ్యకు.