సియోనెని అంకుల్ అన్న రోజు

గురువారం రాత్రి, గిరావీన్

రగ్బీ ఆడే ఫుటీ క్లబ్‌లో యూనివర్సిటీ ట్రైనింగ్ ప్లేస్‌మెంట్ మొదలయ్యాక ఇవాళే మొదటిసారి మేనేజర్ మెలిస్సా నా మాటకి తలూపింది. ఆటగాళ్లందరి జీతాలూ కలిపి లీగ్ పెట్టిన పరిమితి దాటకూడదు. మా జట్టులోనేమో సగం మంది ముప్పై దాటినవాళ్లే, జీతాలూ వాళ్లవే ఎక్కువ. అందరికన్నా పెద్దవాడైన సియోనెని వదులుకుంటే ఇద్దరు కుర్రాళ్లని నిలుపుకోవచ్చని చెప్పాను. యూనిలో నేర్పిందీ అదే.

మధ్యాహ్నం చేతినిండా జెర్సీల పెట్టెలతో వస్తుంటే ఎవరో తలుపు తెరిచి పట్టుకున్నారు. తలెత్తకుండానే అలవాటుగా "థాంక్స్ అంకుల్" అనేశాను. చూస్తే సియోనె! పక్కనున్న కుర్రాళ్లు పగలబడి నవ్వారు. ఆయనా నవ్వారు. వాళ్లు వెళ్లాక మెల్లగా అడిగారు: "అంకుల్‌నైపోయానా, మేట్? ఆఫీసులో అందరూ అలాగే అనుకుంటున్నారా?"

"మా ఇంట్లో పెద్దవాళ్లందరినీ అలాగే పిలుస్తాం" అన్నాను. అది నిజమే. కానీ ఆయన అడిగింది అది కాదు.

అన్నం తింటూ అమ్మకి చెప్పాను. "రెస్పెక్ట్‌తోనే అన్నావు కదే, ఫీలవడం దేనికి? ఇంతకీ ఆయన సరిగ్గా ఆడట్లేదా?" అంది.

"బాగానే ఆడుతున్నారమ్మా."

అమ్మ పెరుగు వడ్డించింది.

లెక్క మళ్లీ వేసి చూశాను. తప్పు దొరకలేదు. దొరికితే బావుండేది. రేపు ఆయనకి విషయం చెప్పేటప్పుడు నన్నూ కూర్చోమంది మెలిస్సా, నేర్చుకుంటానని. తలుపు తీయాల్సింది ఈసారి నేనే. ఏమని పిలిచి లోపలికి రమ్మనాలి?