కొండ మీద టెంట్ ఎందుకురా?

ఎడిసన్, జూన్ 1986

ఒరేయ్ ప్రేమానందం,

బాగున్నావా? షాప్‌లో కొత్త ఫ్రీజర్లు పెట్టించే గొడవలో పడి జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు.

స్కాట్లాండ్ కొండల్లో క్యాంపింగ్‌కి రమ్మన్నావు, సంతోషం. కానీ సాయంత్రం టెంట్ వేసి పొద్దున్నే తీసేయాలట, మంట వెయ్యకూడదట, చెత్తంతా వెనక్కి మోసుకురావాలట, మనం పడుకున్న ఆనవాలే ఉండకూడదట! ఇక్కడ మేం క్యాంప్‌కెళ్తే పక్క టెంట్లవాళ్ళకి కూడా పులిహోర పంచుతాం.

"మీ ఫ్రెండ్ ఉద్యోగం పోయి, ఇల్లు లేక కొండల్లో దాక్కుంటున్నాడేమో చూడండి" అంది మా ఆవిడ సలోమి. నవ్వేశాను గానీ, జవాబు చర్చి అడ్రస్‌కి రాయమన్నావే, అది చూశాక నాకూ అనుమానమొచ్చింది.

నిజం చెప్పరా. ఇల్లుంటే టెంట్ నేనే కొనుక్కొస్తా, కొండెక్కుదాం. లేకపోతే సిగ్గుపడకు, షాప్ పైన గది ఖాళీగానే ఉంది, వచ్చెయ్. అక్కడో ఇక్కడో, ఎప్పుడు కలుద్దాం?