కుడివైపు పడిన మచ్చ

తిరువూరు,
26 డిసెంబరు 2024

ప్రియమైన ఫౌజియాకు,

పండగ అయిపోయింది. మావాడు డానీ హాస్టలు నుంచి వచ్చాడు, కేకు తిన్నాడు, నిద్రపోతున్నాడు. బాలశౌరికి నిన్న కూడా డిపోలో డ్యూటీ పడింది. పండగ కదా అని బస్సులు చెడిపోకుండా ఉంటాయా అన్నాడు. మామిడి తోటల్లో అక్కడక్కడ పూత మొదలైంది. చలి బాగానే ఉంది.

మన నియమం ప్రకారం ఈ ఏటి బొమ్మ దీనితో పెట్టాను. టీచరు ట్రైనింగులో హుమాయున్ సారు చేయించినట్టే అద్దంలో ముఖం చూసుకుంటూ, రబ్బరు ముట్టకుండా గీశాను. సారు పోయి ఏడేళ్లయింది. నీకు పెళ్లై చీరాల వెళ్లిన ఏడాది నుంచి మనిద్దరం డిసెంబరు రాగానే ఆ పని చేస్తూనే ఉన్నాం. నాది ఇది ఇరవయ్యొకటోది. పోలిక కుదిరిందనే అనుకుంటున్నాను.

ఇక చదివినవి. ఈ ఏడు నాలుగే. అన్నీ గ్రంథాలయంలో తెచ్చినవే. మొదటిది రైల్వే గేటు కాపలాదారు మీద నవల. అతని కూతురికి పెళ్లి అవుతుందా కాదా అని రెండు వందల పేజీలు. అయింది. బాగుంది. రెండోది రిటైరైన వ్యవసాయాధికారి రాసిన మామిడి తెగుళ్ల పుస్తకం. బొమ్మలు బాగున్నాయి. మూడోది కథల సంపుటి. ఆడవాళ్ల కష్టాల మీద. బాగుంది. నాలుగోది పిల్లల కథలు. ఒక కథలో కుందేలు కొట్టు పెడుతుంది. పిల్లలకు బాగుంటుంది.

బడి మామూలే. ఒకటో తరగతిలో ఈసారి పదమూడు మంది ఉన్నారు. నా ఫోను స్పీకరు పోయింది, నువ్వు చేసినప్పుడు ఎత్తకపోవడం అందుకే. మెసేజ్ పెడితే చాలు.

నీ బొమ్మ కోసం చూస్తుంటాను.

నీ
జోజమ్మ

*

చీరాల,
31 డిసెంబరు

నా జోజికి,

నీ కవరు నిన్న వచ్చింది. నా బొమ్మ కూడా ఇందులో పెట్టాను, చూసి నవ్వుకో. గడ్డం కింద ఇంకో గడ్డం వచ్చింది. రబ్బరు వాడకూడదు కాబట్టి అది కూడా నీకే పంపిస్తున్నాను. నేను అద్దం ముందు కూర్చుంటే నౌషాద్ కొట్టుకి వెళ్లబోతూ, “మీ ఇద్దరూ ఏటేటా పోలీసులకి ఆనవాళ్లిస్తున్నారా ఏంటి?” అన్నాడు. “మీరు తప్పిపోయినా ఎవరూ గీయరు, వెళ్లండి” అన్నాను.

నేను చదివినవి రెండే. ఒకటి యాత్రల పుస్తకం. ఆయనకి ఏ ఊరెళ్లినా కడుపునొప్పే. ఊళ్ల గురించి పది పేజీలుంటే మజ్జిగ గురించి వంద పేజీలున్నాయి. రెండోది డిటెక్టివ్ నవల. హంతకుడు ఎవరో నాకు ముప్పయ్యో పేజీలో తెలిసిపోయింది. ఆ డిటెక్టివ్‌కి మాత్రం మూడు వందల పేజీలు పట్టింది. అలాంటివాడికి జీతం ఎవరిస్తారో.

నేనైతే ఇంకా త్వరగా పట్టుకుంటాను. నీ బొమ్మలన్నీ తీసి మంచం మీద వరసగా పరిచాను. నీ ఎడమ కనుబొమ మీద మచ్చ ఉంది, చిన్నప్పుడు బోరింగు మీద పడి తగిలింది. అద్దంలో చూసి గీస్తే ఆ మచ్చ కాగితం మీద కూడా ఎడమవైపే పడుతుంది. ఇరవై బొమ్మల్లోనూ అక్కడే ఉంది. ఈసారి కుడివైపుంది. నువ్వు అద్దం చూడలేదు. ఫోటో చూసి గీశావు.

ఎందుకే?

ఇంకోటి. ఏటా పిల్లల పుస్తకం ఒకటి చదివి, ఏ కథని ఎన్నిసార్లు చదివించుకున్నారో, ఎవడు ఎక్కడ నవ్వాడో ఒక పేజీ రాస్తావు. ఈసారి “పిల్లలకు బాగుంటుంది” అట. ఏ పిల్లలకి? కొట్లో అమ్మేవాళ్లు మాట్లాడే మాట అది. ఇక స్పీకరు పాడైన ఫోను ఆరు నెలలు బాగు చేయించకుండా ఉంటావా నువ్వు? మిక్సీ స్క్రూ పోతే సాయంత్రానికల్లా బజారుకి పోయే మనిషివి.

కోపంగా ఉంది. భయంగా కూడా ఉంది. ఏమైందో రాయి. రాయకపోతే వచ్చే ఆదివారం బస్సెక్కుతాను.

ఫౌజియా

*

తిరువూరు,
4 జనవరి 2025

ప్రియమైన ఫౌజియాకు,

ఫోటో చూసే గీశాను. నిరుడు ఐడీ కార్డుకని తీసినది. మచ్చ ఏ వైపు పడుతుందో నాకు తట్టలేదు.

జులై తొమ్మిదిన పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్లు నోటి ఎడమవైపు నుంచి కారిపోయాయి. మళ్లీ పోసుకున్నాను. మళ్లీ కారిపోయాయి. లోపలికి వచ్చి కాఫీ పెట్టి బాలశౌరికి ఇచ్చాను. ఆయన నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టి, “ఏంటి, నవ్వుతున్నావా?” అన్నాడు. నేను నవ్వలేదు.

విజయవాడలో డాక్టరు అది పక్షవాతం కాదన్నాడు. ముఖానికి పోయే నరం వాచిందన్నాడు. మాత్రలు, కంట్లో చుక్కలు ఇచ్చాడు. చాలామందికి మూడు నెలల్లో తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా రాదు అన్నాడు. నాకు కన్ను కొంత మూతపడుతోంది. పెదవి రాలేదు. పక్కింటి కరీంబీ పిన్ని పావురం రక్తం రాస్తే తగ్గుతుందని పట్టుబట్టింది. “నేనే తెప్పిస్తానే, నువ్వు చూడొద్దు, కళ్లు మూసుకుని కూర్చో” అంది. “ఒక కన్నే మూతపడుతుంది పిన్నీ” అన్నాను. ఆవిడ ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. అప్పటినుంచీ నాకు ఏదీ రావడం లేదు. పండగ రోజు చర్చిలో అందరూ పాడుతుంటే నిలబడ్డాను, అంతే. బాగుందనీ బాగోలేదనీ అనిపించలేదు.

బాలశౌరి మంచి మొగుడే. నాతో నడిచేటప్పుడు కుడివైపుకి వస్తాడు. అన్నం తినేటప్పుడు కుడివైపు కూర్చుంటాడు. అలా చేస్తున్నట్టు ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

నీకు చెప్పకపోవడం సిగ్గు వల్ల కాదు. చెప్తే నువ్వు ఏడుస్తావు, నేను నిన్ను ఊరుకోబెట్టాలి. అంత ఓపిక లేకపోయింది.

కానీ విషయం ముఖం కాదు. ప, బ, మ అనాలంటే పెదవులు రెండూ కలవాలి. నావి సగమే కలుస్తాయి. మిగతా సగంలోంచి గాలి పోతుంది. నేనేమో ఒకటో తరగతి టీచరుని. పలక, బడి, మామిడి, అమ్మ. అందుకని చూపుడు వేలితో పెదవి ఎడమ మూలని నొక్కిపట్టి చెప్పడం మొదలుపెట్టాను. అలా పట్టుకుంటే మాట తిన్నగా వస్తుంది. ఐదు నెలలు అలాగే చెప్పాను. వాళ్లు జూన్‌లో చేరిన పిల్లలు. అక్షరాలు ఇంకెవరు చెప్పగానూ వినలేదు.

డిసెంబరు పదకొండున జిల్లా నుంచి ఒకాయన బడి చూడటానికి వచ్చాడు. బోర్డు మీద ప రాసి, “ఇదేంటర్రా?” అన్నాడు. పదమూడు మందీ వేళ్లు పెదవి మూలకి పెట్టుకుని “ప” అన్నారు. బ రాశాడు. వేళ్లు పెట్టుకునే “బ” అన్నారు. క రాశాడు. వేళ్లు తీసేసి “క” అన్నారు. అంత పద్ధతిగా నేర్చుకున్నారు, ఫౌజియా. ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీయాలో ఒక్కరూ తప్పలేదు.

“ఇదేదో బాగుందే. కొత్త పద్ధతా?” అన్నాడాయన. హెచ్చెమ్ యేసురాజు గారు నా వైపు ఒకసారి చూసి, “అవునండి, మా మేడం గారి సొంత పద్ధతండి” అన్నారు. ఆయన డైరీలో రాసుకున్నాడు. మిగతా బళ్లలో కూడా పెట్టిద్దాం అన్నాడు. నేనేమో హాజరు పట్టీ చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పిల్లలకి వేలు పెట్టొద్దని చెప్పాను. “మీరు పెడతారుగా టీచర్” అంది లిడియా. ఆరేళ్ల పిల్ల. నేను వేలు తీస్తే మాట సరిగా రాదు. పెడితే వాళ్లూ పెడతారు. ఏ దారీ లేదు. అక్షరాలతో పాటు నా జబ్బు కూడా నేర్పాను వాళ్లకి.

ఆ సాయంత్రమే స్వచ్ఛంద విరమణకి దరఖాస్తు రాశాను. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉంది, ఇస్తారు. బాలశౌరి చదివి, “నీ ఇష్టం” అన్నాడు. సోమవారం యేసురాజు గారి చేతికి ఇచ్చేస్తాను. బడి తప్ప నాకు వేరే పని రాదు. ఆ తరవాత ఏం చేస్తానో ఆలోచించలేదు.

పుస్తకాలు కూడా చదవలేదు. అట్టల వెనక రాసింది చూసి నీకు రాశాను. ఆ సంగతి కూడా తెలియాలి నీకు.

జోజి

*

తిరువూరు,
25 జనవరి

ప్రియమైన ఫౌజియాకు,

ఉత్తరం అందిన రోజే నువ్వు ఫోన్ చేశావు. ఎత్తాను. అరగంటలో ఇరవైసార్లు “ఆఁ?” అన్నావు. నువ్వు ఏడవలేదు, తిట్టావు. అది నయం. కానీ ఆ సోమవారం ఏం జరిగిందో ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

ముందు బొమ్మ. అద్దం చూసే గీశాను. గంటన్నర పట్టింది. ఎడమవైపు గీయడం తేలిక, నుదుటి మీద ముడతలు లేవు, బుగ్గ మీద గీత లేదు. ఆ సగం ముప్పై ఏళ్లదానిలా ఉంది. కుడివైపు నా వయసే ఉంది. చూసి దాచుకో, నౌషాద్ గారికి కూడా చూపించు. పుస్తకాల సంగతి ఈ ఏడాదికి వదిలెయ్.

ఆరో తేదీన బడికి వెళ్లగానే దరఖాస్తు యేసురాజు గారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివి హాజరు పట్టీ కింద పెట్టారు. “సరే మేడం, చూద్దాం. ఇవాళ విజయ్ కుమార్ రాలేదు, వాళ్లావిడకి నొప్పులట. మీ పిల్లల్ని నేను చూసుకుంటాను, మీరు అయిదో తరగతికి వెళ్లండి” అన్నారు. నన్ను ఒకటో తరగతిలోంచి తప్పించడానికే అన్నారనుకున్నాను. వెళ్లాను.

లెక్కలే కదా, నోటితో పని లేదనుకున్నాను. బోర్డు మీద ఒక భాగహారం రాసి ఇటు తిరిగేసరికి సుప్రజ అనే పిల్ల లేచి నిలబడింది.

“టీచర్, మీ నోటికేమైంది?”

పక్క పిల్ల దాని చెయ్యి పట్టి లాగింది. “కూర్చోవే, తిడతారు.”

ఆరు నెలల్లో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. స్టాఫ్‌రూములో అడగలేదు, చర్చిలో అడగలేదు. అందరూ నా చెవి వైపో నుదుటి వైపో చూస్తూ మాట్లాడతారు. ఈ పిల్ల తిన్నగా నోటి వైపే చూస్తోంది.

“నరం దెబ్బతింది” అన్నాను. వేలు పెట్టుకోలేదు.

“నొప్పా?”

“లేదు. కదలదు, అంతే.”

“గిల్లితే తెలుస్తుందా?”

“తెలుస్తుంది.”

“ఈల వేయగలరా?” అన్నాడు వెనక బెంచీలో ఒకడు.

“ముందు కూడా రాదు” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఐస్‌క్రీమ్ తింటే కారిపోతుందా, నిద్రలో కన్ను తెరిచే ఉంటుందా, దొంగలు వస్తే కనిపిస్తారా అని అడిగారు. అన్నిటికీ చెప్పాను. సగం మాటల్లో గాలి పోయింది. “మీరు చెప్పేది అర్థమవుతోంది టీచర్. అర్థం కాకపోతే మేమే అడుగుతాం. ఆ లెక్క చెప్పండి” అని సుప్రజ కూర్చుంది.

గిల్లితే తెలుస్తుందని అన్నాను గానీ, నిజమేనా అని నాకే అనుమానం వచ్చింది. బోర్డు వైపు తిరిగినప్పుడు ఎడమ బుగ్గ గిల్లుకున్నాను. తెలిసింది. గట్టిగానే తెలిసింది.

మధ్యాహ్నం యేసురాజు గారి దగ్గరికి వెళ్లి, “ఆ కాగితం ఇటివ్వండి సార్” అన్నాను. ఆయన హాజరు పట్టీ కింద నుంచి తీసి ఇచ్చారు. “నేనెందుకు పంపిస్తాను మేడం? పంపితే ఆ కొత్త పద్ధతి చెప్పమని నన్ను పిలుస్తారు, నేనేం చెప్పను?” అన్నారు.

“ఒకటో తరగతి మాత్రం నాకొద్దు సార్. విజయ్ కుమార్‌కి ఇవ్వండి. నేను అయిదు చూస్తాను” అన్నాను. ఇరవై రెండేళ్లుగా నేను ఆ గది వదల్లేదని ఆయనకి తెలుసు. “ఆలోచించుకున్నారా?” అన్నారు. “వాళ్లకి మాట సరిగా పలికేవాళ్లు కావాలి సార్” అన్నాను.

విజయ్ కుమార్‌కి ఆడపిల్ల పుట్టింది. నాలుగు రోజుల తరవాత వచ్చి సంగతి విని, “ముక్కులు కూడా తుడవాలా మేడం?” అన్నాడు. “ఇంట్లో ఎలాగూ తుడుస్తావుగా, అలవాటు చేసుకో” అన్నాను. ఒప్పుకున్నాడు.

సంతోషంగా ఉందా అని అడక్కు. తెలియదు. నా గదికి వెళ్లాలంటే ఒకటో తరగతి ముందు నుంచే వెళ్లాలి. వాళ్లు తలుపు దగ్గరికి వచ్చి “టీచర్, టీచర్” అని పిలుస్తారు. చెయ్యి ఊపి వెళ్లిపోతాను. ఆగితే లోపలికి వెళ్తానని తెలుసు కాబట్టి ఆగను. అయిదో తరగతిలోకి వెళ్లాక సుద్దముక్క చేతిలోకి తీసుకోవడానికి కొంచెంసేపు పడుతుంది. పిల్లలు ఆగుతారు.

సోమవారం భిన్నాలు మొదలుపెడుతున్నాను.

నీ
జోజి