పదకొండో నియమం ఎవరు పెట్టారంటే

గాజువాక,
మంగళవారం.

అక్కయ్యకు తమ్ముడు సుబ్బారావు నమస్కారాలు.

నీ మోకాలికి కొత్త డాక్టరు ఇచ్చిన మందు ఏమైనా పనిచేస్తోందా? బావగారి దగ్గు తగ్గిందా? నా ఒంటికి ఏ లోటూ లేదు, బెంగపెట్టుకోకు. ఫోన్లో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఎందుకంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ప్రశ్నలు వేస్తావు, నేను అబద్ధం చెప్పేస్తాను. అందుకని రాస్తున్నాను.

ఉక్కపోత ఈసారి మరీ దారుణంగా ఉంది. పొద్దున ఆరేసిన పంచె మీద సాయంత్రానికి నల్లటి ధూళి పేరుకుంటోంది. మెస్సులో చారు తాగుతుంటే చింతపండు ధర గుర్తుకొస్తోంది గాని పులుపు తగలడం లేదు. ఇన్నేళ్లుగా ఉంటున్నా ఈ వీధిలో నేనింకా 'ఆ గోదావరాయన'నే. పక్కవాటా వాళ్లు నాతో మాట్లాడరు. నేనూ మాట్లాడను. తిండికి, ఆరోగ్యానికి మాత్రం లోటు లేదు, మళ్లీ చెబుతున్నాను.

నాకు మళ్లీ పని దొరికిందని పోయిన నెల గొప్పగా చెప్పాను కదా. అది ఏ పనో సరిగ్గా చెప్పలేదు. ఆటోనగర్‌లో నాలుగు చిన్న కంపెనీలున్నాయి. ఒకరు డ్రాయింగు గీస్తే ఇంకొకరు ఇనుము కోస్తారు, వేరొకరు అతుకుతారు. డ్రాయింగులు గీసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు సగంమంది ఇప్పుడు ఇంటి నుంచే పనిచేస్తున్నారు. ఒకచోట ఇంట్లో ఉన్నవాడు పదింటికి ఫోనెత్తడు, ఇంకోచోట భోజనాల వేళ డ్రాయింగు అడుగుతారు. దాంతో రోజూ తగువులే. నలుగురు యజమానులూ కలిసి ఒక ఉమ్మడి నియమావళి రాసుకుందామనుకున్నారు. ప్రతి కంపెనీ నుంచి సూచనలు తెప్పించి, కలిపి, కంప్యూటరు తెర మీద జరిగే మీటింగులో చదివి, అందరి చేతా ఒప్పించడానికి తెలుగు సరిగ్గా రాయగల పెద్దమనిషి కావాలన్నారు. కిరణ్ అనే కుర్ర మేనేజరు నన్ను 'కోఆర్డినేటర్ గారూ' అని పిలిచాడు. తెలుగులో దరఖాస్తు రాయడం చేతకాని వాళ్లంతా నన్ను అలా పిలుస్తుంటే, చదివిన మూడు బీరువాల పుస్తకాలకూ ఇన్నాళ్లకు విలువ వచ్చిందనుకున్నాను.

నేను ఫ్యాక్టరీలో కార్మికుల హాజరు చూసే టైంకీపరుగా చేశానని నీకు తెలుసు. గేటు దగ్గర మేకుల బోర్డు ఉండేది. ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ. బిళ్ళ మేకుకు ఉంటే మనిషి లోపల ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కంటికి కనబడనివాడు పని చేస్తున్నాడని నేనెప్పుడూ నమ్మలేదు. అందుకని నియమావళిలో పదకొండోది చేర్చాను: ఇంటి నుంచి పనిచేసేవారు గంటకోసారి కూర్చున్నచోటు ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి, పెట్టకపోతే వీడియోలో కనబడాలి.

చేర్చిన తీరు విను. అది ఏ కంపెనీ అడిగింది కాదు. వచ్చిన సూచనల మధ్యలో నేనే పెట్టాను, పేరు లేకుండా. మిగతా ముగ్గురూ అడిగారు కాబోలని ప్రతి కంపెనీ అనుకుంది. పనులిచ్చి పుచ్చుకునేవాళ్లు కదా, ఎదురు చెబితే మనసు నొచ్చుకుంటుందేమోనని ఎవరూ నోరెత్తలేదు. 'అందరి సమ్మతితో' అని నేనే రాసేసి, సంతకాలు కాకముందే అమల్లో పెట్టించాను.

ఎవరి కోసం పెట్టానో కూడా చెప్పనీ. ఆ ఫ్యాక్టరీలో అప్పలనాయుడని వెల్డరు ఉండేవాడు, కాపురం దువ్వాడ, పొలం ఆనందపురం వైపు. నాట్ల రోజుల్లో పొలంలో ఉండి, స్నేహితుడి చేత ఇక్కడ తన బిళ్ళ తగిలించేవాడు. పట్టుకున్నాను, వారం జీతం కోయించాను. గేటు దగ్గర అందరి ముందూ, "నువ్వు మనుసుల్ని నెక్కెట్టవు బావా, బిళ్ళల్ని నెక్కెడతావు. నీ ఇంటికాడ కూడా మేకులున్నాయేటి?" అన్నాడు. షిఫ్టు దిగేవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. డ్రాయింగులు గీసేవాళ్ల జాబితాలో వరలక్ష్మి, దువ్వాడ, తండ్రి అప్పలనాయుడు అని చూడగానే ఆ పదకొండోది నా కలానికి తట్టింది.

ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసింది కూడా. "సార్, ఫొటో ఒక్కటీ వద్దండి. మాది ఒకే గది. పని ఎంత సెప్పినా సేత్తాను" అంది. "నియమం అందరిదీ అమ్మా, నా ఒక్కడిదీ కాదు" అన్నాను. తండ్రి బిడ్డే అనుకుని లోలోపల సంతోషించాను కూడా.

పోయిన మంగళవారం మీటింగులో ఆ అమ్మాయి కాక తొమ్మిదిమందిమి ఉన్నాం. ఆ పొద్దుట వరలక్ష్మి ఫొటో రెండు గంటలుగా రాలేదు. అందరి ఎదుటా వీడియో పెట్టమన్నాను. "ఓ పావుగంట ఆగండి సార్" అంది. ఆగనన్నాను. పెట్టింది.

వెనక మంచం మీద అప్పలనాయుడు. పక్షవాతం వచ్చి ఏడాదయిందట, నాకు తెలియదు. ఒళ్లు తుడుస్తూ మధ్యలో వచ్చింది ఆ పిల్ల. ఆయన ఒంటి మీద నూలుపోగు లేదు. పనిచేసే ఒక్క చెయ్యితో దుప్పటి అందుకోబోతున్నాడు, అందడం లేదు.

"ఎవులమ్మా?" అన్నాడు, మాట ముద్దగా.

"ఆపీసోలు నాన్నా."

ఆయన తెర వైపు చూశాడు. నన్ను గుర్తుపట్టాడు అక్కయ్యా. చెయ్యి దుప్పటి మీంచి తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తెర ఆరిపోయాక కిరణ్, "ఈ పదకొండోది ఎవరు అడిగారండీ?" అన్నాడు. మేం కాదంటే మేం కాదని నాలుగు కంపెనీలవాళ్లూ అన్నారు. అప్పుడైనా చెప్పాల్సింది. "అందరి సమ్మతితోనే వచ్చింది కదా" అన్నాను.

గురువారం వరలక్ష్మి రాజీనామా పంపింది. శుక్రవారం నేనే మీటింగు పిలిచి, ఆ నియమం నాదని, కడుపులో కక్షతో పెట్టానని ఒప్పుకున్నాను. నన్ను నాలుగు మాటలంటారని ఎదురుచూశాను. కిరణ్, "పెద్దవారు, వదిలేయండి సార్" అన్నాడు. గేటు దగ్గరి నవ్వే నయమనిపించింది. ఆ నియమం కొట్టేశారు. ఆ అమ్మాయి ఎప్పుడొచ్చినా ఉద్యోగం ఉందన్నారు. ఆ మాట చెప్పే పని నేనే తీసుకున్నాను.

నిన్న దువ్వాడ వెళ్లాను. గుమ్మం దగ్గర నన్ను చూసి వరలక్ష్మి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తిరిగి తీసేసరికి ఆయనకు తెల్లచొక్కా తొడిగి, గోడకు ఆనించి కూర్చోబెట్టి ఉంది.

"టైంకీపరు బావొచ్చినాడు, టీ ఎట్టమ్మా" అన్నాడాయన.

నేను చెప్పాల్సిందంతా చెప్పాను, ఏదీ దాచకుండా. ఆయన ఒక్కో మాటా వెతుక్కుంటూ, "బిళ్ళ యవ్వారం నాను సేసిన తప్పే బావా. కోయించినావు, కోయించుకున్నాను. ఈ గుంటేటి సేసింది?" అని కూతురి వైపు చూపించాడు.

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

నియమం తీసేశారమ్మా, రా అని ఆ పిల్లను అడిగాను. "నియమం తీసీసినారు సార్. తొమ్మిదిమంది సూసినదాన్ని ఎవులు తీత్తారు? రేపు డ్రాయింగు సూపిస్తే ఆల కళ్లకి మా నాన్నే కనబడతాడు. నాను రాను" అంది. కోపంగా కూడా అనలేదు. మాట్లాడుతూనే తండ్రి గడ్డం మీద కారిన టీ తుడిచింది.

నియమావళి పూర్తయింది. అందరూ సంతకాలు పెట్టారు. బాగా రాశారని నన్ను మెచ్చుకున్నారు. ఈ వారంతో నా పని కూడా మానేస్తున్నాను. ఆ అమ్మాయికి మళ్లీ పని దొరికేదాకా కంపెనీ కంపెనీకీ తిరిగి అడుగుతాను. ఇవాళ రెండుచోట్ల అడిగాను, చూద్దామన్నారు. ఎండలో తిరుగుతున్నానని కంగారుపడకు, గొడుగుంది.

ఈ ఉత్తరం మన చిన్న తమ్ముడికి చదివి వినిపించకు. వాడు చెడ్డవాడేం కాదు గాని, ఈ విషయంలో వాడికి నా మీద నవ్వే హక్కు ఇవ్వలేను. బావగారికి మాత్రం చెప్పు. పెద్దలందరికీ నా నమస్కారాలు.

ప్రతి ఉత్తరంలోనూ నీ దీవెన అడుగుతాను. ఈసారి అడగడానికి మొహం చెల్లడం లేదు. 'ఈ గుంటేటి సేసింది' అని అప్పలనాయుడు అడిగిన దానికి నువ్వయితే ఏం చెప్పేదానివో, అది రాయి చాలు.

నీ తమ్ముడు,
సుబ్బారావు