నూనె పట్టిన గొట్టాలు

విరుదునగర్,
12-9-2004

నా బంగారు సెల్వక్కకి,

నువ్వెలా ఉన్నావని అడిగే ఓపిక కూడా ఈ రోజు నాకు లేదు, ఏమీ అనుకోకు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయింది. అయినా లోపలెక్కడో సంతోషంగా ఉంది. మీ మరిది తన చావు తాను తెచ్చుకోలేదక్కా.

బావుల్లో పడిన మోటార్లు తీయడానికి ఆయన వీపున కట్టుకుని మునిగే గాలి యంత్రం నీకు గుర్తుండే ఉంటుంది. గుండ్రటి ఇత్తడి డబ్బా, దానికి అటొకటి ఇటొకటి నోటికి గాలి అందించే ముడతల రబ్బరు గొట్టాలు. తూత్తుకుడిలో పాత సామాన్ల కొట్లో కొన్నాడు. ఆయన పోయినప్పటి నుంచీ అది ఎట్టయాపురం దగ్గర మా అత్త ఇంటి అటక మీదే ఉంది. మొన్న "ఆ పీడని ఎవురికన్నా ఇచ్చేయమను" అని ముత్తులక్ష్మి వదిన చేత నా దగ్గరికి పంపింది. నాతో మాట్లాడదు గాని సామాన్లు మాత్రం పంపుతుంది మహాతల్లి!

కోవిల్పట్టిలో జెయకుమార్ అని ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు సముద్రంలో మునిగి పని చేసినవాడు. ఇలాంటివి ఏ కాలానివో, ఎంత అరుదైనవో చూసి చెబుతాడంటే తీసుకెళ్లాను. డబ్బా మీది పేరు చింతపండుతో తోమి తోమి అరిగిపోయింది. పక్కన చెక్కిన నంబరు భూతద్దంతో చూసి, ఫ్రాన్సు సరుకని, ఈ రకం ఇప్పుడు దొరకనే దొరకదని మురిసిపోయాడు. "గొట్టాలు గూడా మొదటివే అయితే దీనికి విలువ కట్టేది కష్టం" అంటూ ఒకటి ఊడదీశాడు. అంతే, ముఖం మారిపోయింది. లోపల రబ్బరు జిగురై, ఒకచోట పూర్తిగా అతుక్కుపోయి ఉంది. ఊరికే పడున్న రబ్బరు బీటలు వారుతుందట గాని ఇలా మెత్తబడదట.

"రబ్బరుకి నూనె పడదమ్మా. ఎవురు పూసింది? గాలి పీలిస్తే ఇది మూసుకునే పోతాది. లోపలుండేవోడు పైపు పీకేసుకోక ఏం సేస్తాడు?" అన్నాడు.

ఎవరు పూశారో నాకు తెలియదా! ఎద్దులతో నీళ్లు తోడే రోజుల్లో కపిలె తోలు తొండం పగలకుండా నూనె పట్టించిన చేతులు మా అత్తవి. ఈ గొట్టాలూ అలాంటివే అనుకుని ప్రతి ఆయుధపూజకీ నువ్వుల నూనె పట్టించేది. ఆయన బావిలో పోయింది కూడా పూజ అయిన వారానికే.

శవం ముందు ఊరంతా వింటుండగా నన్నేమంది? "పొద్దున్నే మొగునితో సండ పెట్టి పంపిస్తివి. బతకాలని లేకనే నా కొడుకు పైపు పీకేసుకున్యాడు" అంది. ఇన్నేళ్లూ నేనూ అదే నమ్మి కుమిలిపోయాను. రేపు మొదటి బస్సుకే వెళ్తున్నాను. ఆ ఊరే వినేలా చెప్పి వస్తాను.

నీ చెల్లెలు,
జోతి


విరుదునగర్,
14-9-2004

అత్తకి జోతి దండాలు. వదిన నిదానంగా చదివి వినిపించాలి.

నిన్న మీ గుమ్మంలో నిలబడి ఒక్క మాటైనా చెప్పకుండా వచ్చేశాను. నిజానికి చాలా మాటలే మూటగట్టుకుని వచ్చాను. కానీ నన్ను చూడగానే మీరు, ఇన్నేళ్లకి మొదటిసారి, నా చెయ్యి పట్టుకున్నారు. "కోవిల్పట్టిలో సూపిస్తివని ముత్తులక్ష్మి సెప్పె. ఆ మిసినులో ఏమన్నా కొరత ఉండాదని సెప్పినాడామ్మే? నేనేం తక్కువ సేస్తిని వానికి? ఆ పూజనాడు గూడా రెండు తూర్లు నూనె పూసి పంపిస్తినే" అన్నారు.

ఏ కొరతా లేదత్తా. ఆ కోవిల్పట్టి ఆయన గొట్టాలు ఊడదీసి చూశాడు. గాలి చక్కగా ఆడుతోందట. ఇంత పాతదాన్ని ఇంత శ్రద్ధగా చూసుకున్న ఇల్లు ఎక్కడా చూడలేదన్నాడు. దాన్ని ఆయనకే ఇచ్చేశాను, ఇక మీ కంట పడదు.

ఆ పొద్దున నేను గొడవ పడ్డాను. మీ కొడుకు మనసు విరిగే బావిలోకి దిగాడు. మీరు అందరి ముందూ అన్నదే జరిగింది అత్తా. వేళకి అన్నం తినండి.

మీ కోడలు,
జోతిలక్ష్మి